నాట్ల నుంచి బూట్ల దాకా...

మైపాడు బీచికి వెళ్లేవాళ్లు సూర్యోదయం చూసి వచ్చేస్తారు. కాస్త ఆగితే మరో సందడి కనిపిస్తుంది. పడవలు ఒడ్డు చేరగానే బేరమాడి, చేపలు గంపకెత్తుకుని నెల్లూరు దారి పట్టే ఆడవాళ్ల సందడి! వేట మగవాళ్లది, అమ్మకం ఆడవాళ్లది... ఈ తీరంలో పాత లెక్క అది. వేట లేని రోజుల్లో ఎండుచేపలే ఆధారం.

బకింగ్‌హాం కాలువ దాటితే వరి పొలాలు. నెల్లూరంటే మొలగొలుకులే గుర్తొచ్చే కాలం నుంచీ నాట్లు, కలుపు ఆడకూలీల పనే. 1990ల్లో తీరం వెంబడి చాలా పొలాలు రొయ్యల చెరువులైపోయాయి. చెరువుకి నాట్లుండవు, కలుపుండదు. మేత చల్లడానికీ రాత్రి కాపలాకీ ఇద్దరు ముగ్గురు మగవాళ్లు చాలు. రైతుకి డబ్బు కళ్లజూపిన రొయ్య, ముఠాలుగా నాట్లకెళ్లే ఆడవాళ్ల పని మింగేసింది.

పనే కాదు, నీళ్లూ పోయాయి. కుర్రు అనే పల్లెలో 600 మంది మత్స్యకారులకు తాగునీరు ఉప్పగా మారింది. ఆడవాళ్లు గొడవ చేస్తే ట్యాంకర్లు వచ్చాయి... ఇంటికి రెండు బిందెల చొప్పున! బిందెతో నిలబడ్డ పూట కూలి పోయినట్టే కదా. తీరానికి దగ్గరగా ఉన్న చెరువుల్ని తొలగించమని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయినా రొయ్య కదల్లేదు. 2009లో వనామీకి అనుమతి రావడంతో మళ్లీ పుంజుకుంది.

తీసుకున్న పనిలో కొంత ఆ రొయ్యే తిరిగిచ్చింది. తల తీయడం, పొట్టు ఒలవడం ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. మంచు నీళ్లలో చేతులు నానుతూ గంటలకొద్దీ నిలబడాలి. సరుకొస్తే పని, లేకుంటే లేదు.

2008లో మొదలైన కృష్ణపట్నం పోర్టు సంగతా? క్రేన్లు, లారీలు... అక్కడ ఎక్కువగా మగవాళ్ల కొలువులే.

అసలు మార్పు దక్షిణాన, 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిన తడలో చూడాలి. మాంబట్టులోని అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. వేలమంది కార్మికుల్లో ఎక్కువ మంది అమ్మాయిలే. చెన్నై హైవే, రేవు దగ్గర కావడం కంపెనీని రప్పించాయి. అమ్మాయిల్ని రప్పించింది మాత్రం బస్సు! ఊరి మలుపులో ఎక్కించుకుని మళ్లీ అక్కడే దించుతుంటే, ఇంట్లో పెద్దవాళ్లూ కాదనలేరు. పైగా నెల తిరిగేసరికి జీతం. ఎండావానలతో నిమిత్తం లేదు.

మైపాడుకు అలాంటి బస్సు రాదు. అక్కడ గంపలు ఇప్పుడు ఆటో ఎక్కుతున్నాయి.