అరగకపోయినా ముసలివే!

పెద్దాయన కారు గుడికీ పెళ్లిళ్లకూ తప్ప షెడ్డు దాటదు. 'గ్రిప్పు చూశావా, కొత్తదానిలా ఉంది' అని మురిసిపోతారు. వేసవిలో మనవలతో తిరుపతి వెళ్లాలని ఆయన ముచ్చట. కొడుక్కే అనుమానం. టార్చి వేసి టైరు పక్కభాగం చూశాడు. డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలు: 2315. అంటే 2015లో 23వ వారం తయారైంది! (ఒక్కోసారి ఈ అంకెలు లోపలివైపే ఉంటాయి, వంగక తప్పదు.)

వాడకపోయినా రబ్బరు గాలికీ వేడికీ గట్టిపడుతుంది. లోపలి పొరల పట్టు సడలితే హైవే వేగంలో గ్రిప్పు పొర ఊడి రావచ్చు. పైకి బీటలు కనిపించకపోయినా నమ్మడానికి లేదు. ఆరేళ్లకే మార్చమంటాయి పలు కార్ల కంపెనీలు. ఎంత బాగున్నా పదేళ్లు దాటితే వద్దంటాయి టైర్ల కంపెనీలు.

'అరగని టైర్లు పారేయమంటావేరా?' గొణిగారు పెద్దాయన. డిక్కీలోని స్టెపినీ తీస్తే దానిమీదా 2315. ఒక్కరోజూ రోడ్డెక్కలేదది!