బొడ్రాయి ఎటువైపు?

సైన్స్ కథ రాద్దామని కూర్చున్న ప్రతివాళ్లకూ మొదట ఎదురయ్యే చిక్కు ఒకటే. లోకంలో లేని యంత్రం గురించి ఎంతవరకు చెప్పాలి? ఎక్కువ చెబితే కథ కాస్తా పాఠ్యపుస్తకం అవుతుంది. తక్కువ చెబితే మాయల ఫకీరు కథ అవుతుంది.

పాతవాళ్లు ఏం చేశారో చూద్దాం. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1865లో చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే నవల రాశాడు. అందుకోసం 900 అడుగుల ఫిరంగిని భూమిలోనే పోత పోయించాడు. మందుగుండు ఎంత, గుండు బరువెంత, వేగమెంత అని లెక్కలన్నీ వరసగా అప్పజెప్పాడు. ఆ లెక్కల ప్రకారమే అమెరికాలోని ఫ్లోరిడాను ఎంచుకున్నాడు. 1969లో అపోలో 11 లేచింది కూడా ఫ్లోరిడా నుంచే! కానీ ఫిరంగిలో అంత వేగం ఒక్కసారిగా అందుకుంటే లోపలున్న ముగ్గురూ పేల్చిన క్షణంలోనే నలిగిపోతారు. లెక్కలు చెప్పినందుకు ఆ లెక్కల్లోనే దొరికిపోయాడాయన.

ఇంగ్లండులో హెచ్.జి.వెల్స్ 1895లో కాలయంత్రం కథ రాశాడు. అందులో నికెల్ కడ్డీలు, ఏనుగు దంతం, స్ఫటికం కనిపిస్తాయి. యంత్రం ఎలా పనిచేస్తుందో మాత్రం కనిపించదు. మన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీసినప్పుడూ పట్టింది ఆ దారే. ఆ యంత్రంలో ఏ పళ్లచక్రం ఎటు తిరుగుతోందని అడిగినవాళ్లను నేను చూడలేదు. రాయలవారి కొలువు కొలువులా ఉందా లేదా అన్నదే అందరూ చూశారు.

అంటే ఎరగని దాన్ని పాఠకుడు కొలవడు. ఎరిగినదాన్ని మాత్రం వేలు పెట్టి మరీ కొలుస్తాడు. మా బోయినపల్లి వైపు కథ రాస్తే ఈ సంగతి ఇంకా గట్టిగా తెలుస్తుంది.

మా మండలంలోని మన్వాడ దగ్గర మానేరు మీద మిడ్‌మానేరు జలాశయం ఉంది. 25 టీఎంసీల పైచిలుకు నీళ్లు పడతాయి. ఒక్క టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. పాత కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి ఊళ్లు ఆ నీళ్లలో కలిసిపోయాయి. నష్టపరిహారం కాగితాల్లో గోడల కొలతలు, చెట్ల లెక్కలు ఉంటాయి. సాయంత్రంపూట ఏ అరుగు మీద ఎవరెవరు కూర్చునేవాళ్లో ఆ కాగితాల్లో ఉండదు.

ఆ నీళ్ల మీద నేనొక కథ అల్లాను. 2080లో సిరిసిల్లలో ఒక పాత సాంచా. దాన్ని వెనక్కి తిప్పితే మనిషి మునగకముందటి ఊళ్లోకి పోతాడు. నాడెలో ఉన్న ఒక్క కండె నూలు అయిపోయేదాకానే అక్కడ ఉండొచ్చు. ఆ సాంచా కాలాన్ని ఎలా తిప్పుతుందన్నదానికి ఒకే ఒక్క వాక్యం ఇచ్చి వదిలేశాను. పడుగు, పేక, పోగు తెగితే సాంచా ఆగే తీరు మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. సాంచాల చప్పుడులో బతికినవాళ్లకు కండె గురించి కట్టుకథ చెల్లదు కదా!

మా మేనమామ సాంచాల మీద ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. కథంతా చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. యంత్రం సంగతి ఒక్క ముక్క అడగలేదు.

“కండె ఒడిసినంక గూడ ఆడనే నిలవడితే ఏమైతది అల్లుడా?” అన్నాడు.

“తిరిగి రాలేడు మామా.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “గట్లయితే కొందరు రారు. గది సరే గని, బొడ్రాయి కాడ నిలవడితే గుడి ఎటు దిక్కున్నదో రాసినవా?”

ఆ రెండు ప్రశ్నల్లోనే నాకు కావలసిన కొలబద్ద దొరికింది. యంత్రం లోపల ఎంత మసకగా ఉన్నా ఫరవాలేదు. దాని కట్టుబాటు మాత్రం మసకగా ఉండకూడదు. ఎంతసేపు ఉండొచ్చు, ఏం పోగొట్టుకోవాలి, దాటితే ఏమవుతుంది అన్నవి కచ్చితంగా ఉండాలి. ఆ హద్దు ఉంటేనే కథలోని మనిషికి కష్టం ఉంటుంది. ఇక ఊరంటారా, అందులో మసకకు చోటే లేదు.

ఎందుకంటారా? పునరావాస కాలనీల్లో పుట్టిన పిల్లలకు పాత ఊరు మాటల్లోనే కనబడాలి. గుడి తూర్పున ఉందని కథలో రాస్తే వాళ్ల మనసులో అది తూర్పునే నిలిచిపోతుంది. కాదని దిద్దే ముసలివాళ్లు ఎంతకాలం ఉంటారు? ఉన్న ఊరి గురించి తప్పు రాస్తే ఎవరైనా వెళ్లి చూసి దిద్దుకోవచ్చు. మునిగిన ఊరికి ఆ వీలు లేదు. కథ ఊహే కావచ్చు, దారి మాత్రం ఊహ కారాదు.

అందుకే నలుగురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఒక నోటుబుక్కులో ఊరి గీత గీయించుకున్నాను. చేదబాయి దగ్గర ఇద్దరికి మాట కలవలేదు. ఒకాయన వేపచెట్టుకు ఇవతల అంటాడు, ఇంకొకాయన అవతల అంటాడు. ఇద్దరూ గట్టిగానే ఉన్నారు. కథలో ఆ వాదాన్ని అలాగే ఉంచాను, తీర్పు చెప్పలేదు. కచ్చితంగా రాయడమంటే ఒక్కోసారి తగువును కూడా ఉన్నదున్నట్టు రాయడమే.

మీరూ సైన్స్ కథ రాయాలనుకుంటే, కాలయంత్రం లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. అది ఎలా చేయాలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఊరి దారులు తెలిసినవాళ్లు మాత్రం ఇంకా మన మధ్యనే ఉన్నారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.