ఫైలుకొక పేరు

చోడవరంలో మా విద్యార్థుల వ్యాససంపుటి అచ్చుకిచ్చి, మూడుసార్లు ప్రూఫులు దిద్దాం. తీరా అచ్చయింది దిద్దకముందరి పాఠం. కంప్యూటరులో ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘ఫైనల్ 2’ అని మూడు ఫైళ్లున్నాయి. ఏది కడపటిదో ఏ పేరూ చెప్పదు. తప్పులు మాత్రం విద్యార్థుల పేరిట నిలిచిపోయాయి.

పేజీకింతని కూలి తీసుకునే కంపోజిటరును నిందించి లాభం లేదు. సరైన పేరు పెట్టేపాటి తీరికకు కూడా కూలి కట్టాలి.

1897 నాటి ‘కన్యాశుల్కం’ వేరు, 1909 నాటిది వేరు. రెంటినీ పోల్చి గురజాడ ఎదుగుదలను చర్చించగలుగుతున్నామంటే, ఏ ప్రతి ఏనాటిదో తెలియబట్టే కదా! రచన పేరు, తేదీ, ఎన్నో ప్రూఫు అన్న మూడు వివరాలూ ఫైలు పేరులో ఉండాలి. అప్పుడే రాసినవారి శ్రమా, కంపోజు చేసినవారి శ్రమా దక్కుతాయి.