మూడు హాస్టళ్ళ నాయనమ్మ

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థులుగా ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మేము ముగ్గురం కూర్చుని ఆలోచించాం. మాలో పెద్దవాడు ఈ తెనాలి హాస్టల్లోనే చదివాడు. ఆడపిల్ల రేపల్లెలో, చిన్నవాడు బాపట్లలో చదివారు. ఏ ఏడాది ఎక్కడ సీటు దొరికితే అక్కడ చేరాం. ఎవరి హాస్టల్ కబుర్లు మొదలుపెట్టినా చివరికి మాట మా నాయనమ్మ దగ్గరికే వచ్చింది. అందుకని ఆమె గురించే రాస్తున్నాం.

మాది భట్టిప్రోలు పక్కన చిన్న పల్లె. భట్టిప్రోలు పేరు చరిత్ర పుస్తకాల్లో మీరూ చదివే ఉంటారు. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో తవ్వకాలు జరిపినప్పుడు అక్షరాలు చెక్కిన రాతి భరిణెలు దొరికాయి. రెండు వేల ఏళ్ళకు పైబడిన అక్షరాలవి. ఆ దిబ్బకు కూతవేటు దూరంలో బతికిన మా నాయనమ్మకు మాత్రం ఒక్క అక్షరం రాదు. ఆమె చదువంతా మళ్ళలోనే. శ్రావణంలో నాట్లు, ఆ తర్వాత కలుపు, కార్తీకం దాటితే కోతలు. కోతకు రెండు మూడు రోజుల ముందు వరి చేలో మినుములు చల్లడం, కోత అయ్యాక పరిగ ఏరడం, మాఘంలో మినుము పీకడం. కృష్ణా కాలువ నీళ్ళు వచ్చినంత కాలం ఆమె నడుం వంగే ఉండేది.

1977 నవంబరు 19 తుఫాను గురించి మన ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. నది అవతల దివిసీమలో ఉప్పెన వేల మందిని మింగింది. ఇవతల మా పల్లెలో తాటాకు ఇళ్ళన్నీ నేలమట్టమయ్యాయి, కోతకొచ్చిన వరి నీళ్ళపాలైంది. తాతయ్య ఆ మరుసటి ఏడు పోయాడు. ఇల్లు మళ్ళీ నిలబెట్టింది నాయనమ్మే.

1987లో మాలో పెద్దవాడు ఐదో తరగతి పాసయ్యాడు. నాన్న ఒక రైతు దగ్గర అప్పు చేసి ఉన్నాడు. పిల్లాణ్ణి జీతానికి పెడితే అప్పు తీరుతుందని మాట్లాడుకున్నారు. నాయనమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లవారి నాన్నతో ఒకటే మాట అంది.

"వాణ్ణి పన్లో పెడితే వాడి కూలి ఆసామి లెక్క కడతాడు. చదివిస్తే వాడి లెక్క వాడే కట్టుకుంటాడు. నువ్వు ఏ సంగతీ తేల్చుకోలేకపోతే నేను తేలుస్తా."

కాళ్ళకున్న వెండి కడియాలు తెనాలి తీసుకెళ్ళి అమ్మింది. అప్పులో కొంత కట్టింది. మిగిలిన దాంతో ఒక రేకు ట్రంకు పెట్టె, పళ్ళెం, గ్లాసు, దుప్పటి కొని పెద్దవాణ్ణి హాస్టల్లో దింపింది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాల కోసం అంతకు ముందు ఒక ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. రేపు రమ్మంటే రేపు వెళ్ళేది. ఆ రోజు కూలి పోయినా పట్టించుకునేది కాదు.

ముగ్గురం మూడు ఊళ్ళలో చేరాక ఆమె ఆదివారాలు మూడు భాగాలయ్యాయి. ఒక వారం రేపల్లె, ఒక వారం తెనాలి, ఒక వారం బాపట్ల. తెనాలి-రేపల్లె ప్యాసింజరు ఆమెకు సొంత బండి లాంటిది. ఆ లైను 1916 నాటిది. మేము సెలవులకు వస్తుంటే కిటికీ పక్కన కూర్చోబెట్టి స్టేషన్ బోర్డులు చదవమనేది. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన అని మేము చదువుతుంటే, చదవడం రాని ఆమె, మేము తప్పు చదివితే పట్టుకునేది. అన్ని స్టేషన్లూ వరుసగా ఆమెకు నోటికొచ్చు!

ఆమె కొంగు మూటలో ఏముంటుందో మా గదుల్లో ఉన్నవాళ్ళకు ఇప్పటికీ గుర్తే. పరిగ మినుములతో సున్నుండలు, గోంగూర పచ్చడి, చలికాలంలో తేగలు. మా ఒక్కరికే ఇచ్చి వెళ్ళిన రోజు లేదు. "పక్కోడు చూస్తుంటే నీకు గొంతు దిగుతదంట్రా?" అని అందరి చేతుల్లోనూ పెట్టేది. ఎవరూ చూడటానికి రాని పిల్లల్ని ముందు పిలిచేది.

1990 మే 9న మళ్ళీ పెద్ద తుఫాను వచ్చింది. సెలవులకు మేమంతా ఇంట్లోనే ఉన్నాం. స్కూలు భవనంలోకి వెళ్ళమని ఊళ్ళో చెప్పారు. నాయనమ్మ బియ్యం డబ్బా వదిలేసి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుంది. అందులో మా మార్కుల జాబితాలు, ధ్రువీకరణ పత్రాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉన్నాయి. "బియ్యం మళ్ళీ దొరుకుతయి, ఈ కాయితాల కోసం మళ్ళీ ఎన్ని రోజులు తిరగాల?" అంది.

ఆ మరుసటి ఏడే చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బతికి బయటపడ్డ కుటుంబాలు తెనాలి వచ్చి తలదాచుకున్నాయి. మా పల్లెలో పెద్దలు హాస్టళ్ళ నుంచి పిల్లల్ని తెచ్చేసుకోవడమే మంచిదన్నారు. మాలో ఆడపిల్ల అప్పటికి తొమ్మిదో తరగతి. ఎలాగూ ఇంటికి తెస్తాం కదా అని ఒక సంబంధం మాట కూడా వచ్చింది. నాన్న భయపడ్డాడు. భయపడటానికి కారణం ఉంది.

నాయనమ్మ అందరి మాటా విని, "ఆళ్ళని చంపింది ఆళ్ళ ఊళ్ళోనే గదా! ఇంట్లో దాచుకుంటే మాత్రం ఏం భద్రం? చదువు మానిపిస్తే చంపినోళ్ళు అనుకున్నదే మనం చేసినట్టు" అంది. తర్వాత తనే బయల్దేరింది. ముందు రేపల్లె వచ్చి సాయంత్రం దాకా హాస్టల్ వరండాలో కూర్చుంది. మరునాడు తెనాలిలో పెద్దవాణ్ణి చూసి, అక్కడి నుంచి బాపట్ల రైలెక్కింది. ఆ రైలు చుండూరు మీదుగానే పోవాలి. స్టేషన్లో బండి ఆగినప్పుడు పెట్టెలో ఒక్కరూ మాట్లాడలేదని, తను మాత్రం కిటికీ మూయలేదని ఆ తర్వాత చాలాసార్లు చెప్పింది. మాలో ఎవ్వరి చదువూ ఆగలేదు. ఆ సంబంధం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

చిన్నవాడికి బాపట్ల వ్యవసాయ కళాశాలలో సీటు వచ్చినప్పుడు ఆమెను అక్కడి పొలాలు చూడటానికి తీసుకెళ్ళాం. మనం సాంబమసూరి అనే బీపీటీ 5204 రకం బాపట్లలో తయారై 1986లో బయటికొచ్చిందని చెప్పాడు వాడు. "నేను ఇన్నేళ్ళు నాటింది ఇక్కడ పుట్టిందా?" అని గట్టు మీద కూర్చుండిపోయింది. ఆ రోజంత సంతోషంగా ఆమెను మేము మరెప్పుడూ చూడలేదు.

2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసిందని పేపరు చదివి వినిపిస్తే, "పదహారేళ్ళు పట్టిందా" అని మాత్రం అంది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసే నాటికి ఆమె లేదు. 2010 ఫిబ్రవరిలో, ఊరంతా మినుము పీకుతున్న రోజుల్లో, నిద్రలోనే పోయింది. పెద్దవాడు టీచరయ్యాడు, ఆడపిల్ల నర్సయింది, చిన్నవాడు వ్యవసాయ శాఖలో ఉన్నాడు. మూడు ఉద్యోగాలూ చూసే పోయింది.

2022లో జిల్లాలు మారాయి. రేపల్లె, బాపట్ల ఒక జిల్లాలో, తెనాలి గుంటూరు జిల్లాలో ఉన్నాయి. ఆమెకు మాత్రం మూడూ ఒకటే ఇల్లు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ హాస్టల్ గేటు దగ్గరికి మూట పట్టుకుని వచ్చే ముసలివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళని త్వరగా పంపించేయకండి. వాళ్ళు ఏ ఊళ్ళో పుట్టారో, ఎవరి చేలల్లో నాట్లు వేశారో, మీ కోసం ఏం అమ్మారో అడగండి. అడిగి నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. మా నాయనమ్మ చేతి గుర్తుగా మా దగ్గర మిగిలింది పింఛను పుస్తకంలోని వేలిముద్రలే. ఆమె పేరు మాత్రం మా పిల్లలు ముగ్గురూ తప్పుల్లేకుండా రాయగలరు.