మూటల పేర్లు, మన ఇంటిపేర్లు

మా ఇంటి కంప్యూటరు డెబియన్ అనే లినక్సు మీద నడుస్తుంది. 1993లో దీన్ని ప్రారంభించిన ఇయాన్ మర్డాక్, నాటి స్నేహితురాలు డెబ్రా పేరులోని మొదటి భాగానికి తన పేరు కలిపి ఈ నామం పెట్టారు. ఇందులో ప్రతి పనిముట్టునూ ఒక మూటగా కట్టి ఉంచుతారు. దానినే ప్యాకేజీ అంటారు. 2023లో వెలువడిన 12వ విడుదలలో ఇవి 64 వేలకు పైగా ఉన్నవి. ఇన్నిటిలో కావలసినది దొరకాలంటే పేరొక్కటే ఆధారం గదా!

అందుకే నామకరణానికి కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, కూడిక గుర్తు, అడ్డగీత, చుక్క, ఇవే పేరులో ఉండవచ్చు. అక్షరాల అడుగున గీసే గీత మాత్రం పనికిరాదు. మూట పేరునూ, దాని కూర్పు సంఖ్యనూ, అది ఏ జాతి యంత్రానికో చెప్పే మాటనూ వేరుచేసే కంచె అదే.

మాకు ముచ్చటగొలిపేది వాటి ఇంటిపేర్లు. పది పనిముట్లు ఉమ్మడిగా వాడుకొనే సరంజామాకు ముందు 'లిబ్' అని చేరుస్తారు. అచ్చు అక్షరాల మూటలు చాలావరకు 'ఫాంట్స్' వారే. మన తెలుగు అక్షరాలు 'ఫాంట్స్-తెలు' అయి ఆ ఇంట చేరినవి. తాతపేరు మనుమడికి పెట్టి పెద సుబ్బయ్య, చిన సుబ్బయ్య అని మనం పిలుచుకున్నట్లు, 'లిబ్' వారిలో తరం మారితే పేరు చివర అంకె మారుస్తారు. రెండు తరాలూ ఒకే యంత్రంలో పేచీ లేకుండా కాపురముంటాయి.

పేచీలు లేకపోలేదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన 'గిట్' లోకమంతా పేరు తెచ్చుకున్నా, డెబియన్‌లో ఆ పేరు అప్పటికే మరొక పాత పనిముట్టుది. కనుక కొత్తది 'గిట్-కోర్'గా సర్దుకున్నది. పాతది 'గ్నుయిట్' అని పేరు మార్చుకున్న తర్వాత, 2010లో కొత్తదానికి 'గిట్' పేరు దక్కింది. అయితే 'గిట్-కోర్' అనే పేరును వెంటనే తుడిచివేయలేదు. లోపల సరుకులేని మూట నొకదానిని ఆ పేరుతో ఉంచారు. పాత పేరుతో అడిగినవారికి కొత్తది తెచ్చి ఇవ్వడమే దాని పని.

ఇది చదివినప్పుడు మాకు మా తమిళనాటి తెలుగు కుటుంబాలు తలపునకు వచ్చినవి. ఇక్కడ బడి పట్టీలలో చాలామందికి ఇంటిపేరు పోయి, తండ్రిపేరు తొలి అక్షరమొక్కటే నిలిచింది. ఊరితో పాటు పోవలసినదే, తప్పు పట్టనక్కరలేదు. కాని పెళ్లిలో కలిసిన ఆంధ్రదేశపు చుట్టాలు "మీరు ఏ ఇంటివారమ్మా?" అని అడిగితే, మన పిల్లలు ఒక్క అక్షరం చెప్పి ఊరుకోవలసి వస్తున్నది. మరొక తరం గడిస్తే ఆ ప్రశ్న అడిగేవారూ ఉండరు.

బడిలో ఏ పేరున్నా ఉండనిద్దాం. శుభలేఖలోనూ, ఇంట్లో పెద్దల ఫోటోల వెనుకనూ ఇంటిపేరు, పూర్వపు ఊరు పూర్తిగా వ్రాసి ఉంచుదాం. వెతుక్కుంటూ వచ్చేవారికి ఆ మాత్రం దారి చాలు.