సొంత పూనిక

పట్టము పుచ్చుకొనిన యువకుడు మరుదినమునుండియే ఉద్యోగమునకై దరఖాస్తులు వ్రాయుట మన యిండ్లలో చిరకాలముగా సాగుచున్న ఆచారము. దానిని కాదని, చదువు ముగిసియు ముగియకమునుపే సొంతముగా వ్యాపారమో పరిశ్రమయో ప్రారంభించువారు కొందరు కలరు. వారినిగూర్చి లోకము సామాన్యముగా చెప్పు మాట యొక్కటే: ధనాశ. కళాశాలలో ముప్పది యేండ్లు భౌతికశాస్త్రము బోధించి, అట్టివారిని పలువురను దగ్గరనుండి చూచిన నాకు ఈ మాట సగమైనను నిజమని తోచదు. ధనముపై మాత్రమే ఆశగలవాడు నెల నెలా జీతము ముట్టు కొలువునే కోరుకొనును. మొదటి రెండు మూడేండ్లు చేతిలో పైసా మిగులదని తెలిసియు పూనుకొనువానిని నడుపునది మరియొకటి యుండవలెను.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, పాలో ఆల్టో అను ఊరిలో, ఆడిసన్ వీథియందు ఒక చిన్న షెడ్డు కలదు. మోటారు కారు నిలుపుకొనుటకై కట్టినది. విలియం హ్యూలెట్, డేవిడ్ పకార్డు అను మిత్రులు 1938లో అందు పని మొదలుపెట్టి, 1939 జనవరి 1వ తేదీన వ్యాపారమున భాగస్వాములైరి. ఇరువురును సమీపముననున్న స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1934లో పట్టభద్రులైనవారే. అవి ఆర్థికమాంద్యపు దినములు. పకార్డు దూరమున తూర్పు దిక్కున ఒక పెద్ద విద్యుత్ కంపెనీలో ఉద్యోగము సంపాదించుకొని వెళ్ళెను. వారి గురువు ఫ్రెడరిక్ టెర్మన్‌కు ఒక చింత యుండెడిది. తాను తీర్చిదిద్దిన శిష్యులు పనికై తూర్పుతీరమునకు తరలిపోవుచుండిరి. ఆయన పకార్డునకు విద్యార్థివేతనము కుదిర్చి విశ్వవిద్యాలయమునకు మరల రప్పించెను. మిత్రుల మూలధనము 538 డాలర్లు. అందు ఒక పాత డ్రిల్లింగు యంత్రపు విలువయు చేరియున్నది.

వారు మొదట అమ్మినది శబ్దపరీక్షలకు పనికివచ్చు ఆసిలేటరు. కోరిన స్థాయిలో స్వచ్ఛమైన విద్యుత్తరంగమును పుట్టించు పనిముట్టు అది. తరంగపు తీవ్రతను నిలుకడగా నుంచుట అందలి చిక్కు. హ్యూలెట్ తన విద్యార్థి పరిశోధనలో దానికొక చిత్రమైన ఉపాయము కనుగొనెను. యంత్రములో ఒక మామూలు చిన్న విద్యుద్దీపమును అమర్చెను. ప్రవాహము హెచ్చినపుడు దీపపు తీగ వేడెక్కును. వేడెక్కిన తీగకు నిరోధము పెరుగును. పెరిగిన నిరోధము తరంగమును తనంతట అదుపులోనికి తెచ్చును. బోధనవృత్తిలోనివాడనగుటచే ఈ దీపమునొద్ద నేనించుక ఆగితిని, పాఠకులు మన్నింతురుగాక! ఆ పనిముట్టునకు వారు మొదట 54 డాలర్ల 40 సెంట్లు ధర కట్టిరి. ఆ ధరకు తయారుచేయ గిట్టదని పిమ్మట తెలిసికొనిరి. లెక్కలో ఇంతటి పొరపాటు చేసినవారిని ధనాశాపరులని యెట్లనగలము? అదృష్టవశమున, ఇతరుల యంత్రములు దానికి ఎన్నో రెట్లు ఖరీదైనవి. వాల్ట్ డిస్నీ సంస్థ 1940లో విడుదలయిన ‘ఫాంటేసియా’ చిత్రమునకై వారియొద్ద ఎనిమిది ఆసిలేటర్లు కొనెను.

ఉద్యోగములు కరవైన కాలము, పట్టు విడువని గురువు, నమ్మదగిన మిత్రుడు, చేతిలో ఒక కొత్త వస్తువు: ఇవన్నియు అచ్చట కలిసివచ్చినవి. అన్నిటికంటె చివరిదే ముఖ్యమని నా తలంపు. వస్తువు లేక ఉత్సాహము మాత్రమే యున్నవారు త్వరలోనే చల్లబడుదురు.

మూసిన తలుపు కొందరిని ఈ దారి పట్టించును. మచిలీపట్టణము చేరువనున్న సీతారామపురమున రైతు కుటుంబమున జన్మించిన శ్రీకాంత్ బొల్లాకు పుట్టుకతోనే చూపు లేదు. పదవ తరగతి పిదప విజ్ఞానశాస్త్రము చదువబోగా నియమములు అడ్డుపడినవి. ఆయన న్యాయస్థానమున పోరాడి అనుమతి పొందెను. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు చదువు ముగించి, స్వదేశమునకు వచ్చి, 2012లో హైదరాబాదున బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించెను. పోకమట్టలతో పళ్ళెములు, సరకులు కట్టు అట్టపెట్టెలు చేయు ఆ కర్మాగారమున తనవలెనే అంగవైకల్యముగల పలువురకు పని కల్పించెను. ఇట్లే, 2005లో దీపావళికి బెంగుళూరునుండి ఇంటికి పోవ బస్సు టిక్కెట్టు దొరకక చిక్కుపడిన ఫణీంద్ర సామా, మరుసటి సంవత్సరమున కళాశాల మిత్రులతో కూడి రెడ్‌బస్ ప్రారంభించెను.

ఇట్టి కథలు వినుటకు సొంపుగా నుండును. కాని ఓడిపోయినవారి కథలు అచ్చుకెక్కవు. ఓటమి అందరికి సమానముగా తగులదు కూడ. కలిగినయింటి బిడ్డకు అది ఒక అనుభవము. అప్పున్నయింటి బిడ్డకు అది పొలము.

నా శిష్యుడొకడు భీమవరము ప్రాంతమువాడు. తండ్రికి రొయ్యల చెరువు కలదు. తెల్లవారుజామున చెరువునీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. నీటిని చిలుకు ఏరేటర్లు అప్పుడు ఆగినచో రొయ్యలు ఊపిరాడక చచ్చును. ఒకనాటి రాత్రి కరెంటు పోగా, కావలివాడు నిద్రించుటచే పంటయంతయు ఒక్క పూటలో పోయెను. బాలుడప్పుడు మూడవ సంవత్సరము చదువుచుండెను. కరెంటు పోయిన తక్షణమే యజమాని ఫోను మ్రోగునట్లు చేయు చిన్న పెట్టెను సహాధ్యాయితో కూడి తయారుచేసెను. చదువు ముగియునప్పటికి హైదరాబాదులో ఉద్యోగము కూడ వచ్చెను. వాడు పోనన్నాడు.

తండ్రి నా యింటికి వచ్చి, “మాస్టరుగారూ, అప్పు తీరలేదు, ఆడపిల్ల పెండ్లి యున్నది. మీ మాటైన వినునేమో, నాలుగేండ్లు కొలువు చేయుమని చెప్పుడు” అనెను. ఆయన చెప్పినది న్యాయమే. నేను కుమారుని పిలిపించి, పెట్టె సంగతి యడుగక, ఖర్చుల పుస్తకము తెమ్మంటిని. తెచ్చెను. ఒక్కొక పెట్టెకు ఎంతయగునో, ఎన్ని అమ్మిన నెల గడచునో అందు వ్రాసియుండెను. తండ్రి కండ్లద్దములు పెట్టుకొని, కొడుకు లెక్కను ప్రతి పుటయు చూచెను. చాలసేపటికి, “ఒక్క సంవత్సరము. ఇంటిమీద అప్పు తేరాదు” అనెను. కొడుకు అంగీకరించెను.

ఆ సంవత్సరమింకను గడువలేదు. ఇప్పటికి పదునొకండు చెరువులకు ఆ పెట్టెలు అమరినవి. పండ్రెండవది తండ్రియే కొనెను. ధర తగ్గింపుమని అడుగలేదట.