మూత తీసేదెవరు?

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ రోడ్డు మీది మా దుకాణానికి వచ్చే పిల్లలు అడిగేది ఒకటే. "అన్నా, గేమింగ్ పీసీ రెడీమేడ్‌ది తీసుకోవాల్నా, అసెంబుల్ చేయించుకోవాల్నా?" పిల్లలంటే ఇంటర్ చదివేవాళ్లే కాదు, కొడుకు పేరు చెప్పి తన కోసం కొనుక్కునే నలభై ఏళ్ల ఉద్యోగులు కూడా. అసెంబుల్ చేసి బతికేవాణ్ణి కదా, నేనేం చెప్తానో ముందే తెలుసనుకుంటారు. నేను మాత్రం ఎదురు అడుగుతాను: "పాడైన రోజు దీని మూత ఎవరు తీస్తారు?" దానికి వాళ్లిచ్చే జవాబును బట్టి నా సలహా ఉంటుంది. పనిలోకి కొత్తగా వచ్చావు కాబట్టి, తమ్మీ, నీకూ ముందు ఇదే చెప్తున్నా. రేట్ల సంగతి తర్వాత.

నాకు పని నేర్పింది ఒక ఉస్తాద్. పత్తర్‌గట్టి వెనక గల్లీలో టేప్‌రికార్డర్లు, టీవీలు బాగుచేస్తూ కంప్యూటర్లలోకి వచ్చినవాడు. నేను చేరేనాటికి పెంటియం 4 కాలం. 2004లో ఇంటెల్ 775 సాకెట్ తెచ్చి, పిన్నులను ప్రాసెసర్ మీంచి తీసి బోర్డు మీద పెట్టింది. అప్పటిదాకా పిన్ను వంగితే ప్రాసెసర్ పోయేది, ఆ తర్వాత బోర్డు పోవడం మొదలైంది. ఉస్తాద్ చాలాకాలం నన్ను సాకెట్ ముట్టుకోనివ్వలేదు. "పైలే ఆంఖాఁ సే ఖోల్, బాద్ మే హాతాఁ సే" అనేవాడు. ముందు కళ్లతో విప్పు, చేతుల సంగతి తర్వాత. ర్యామ్ కాళ్లను స్కూలు రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం ఆయన నేర్పిందే. మెషిన్‌కు కరెంటిచ్చే సప్లై, అదే ఎస్‌ఎంపీఎస్, దాని పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ వైరునూ నల్ల వైరునూ పేపర్ క్లిప్పుతో కలిపి ఫ్యాను తిరుగుతుందో లేదో చూడడమూ ఆయన నేర్పిందే. వెంటనే హెచ్చరించేవాడు కూడా: ఫ్యాను తిరిగితే సప్లై చచ్చిపోలేదని అర్థం, బాగుందని కాదు.

నా ఒక్కడి చేతి మీద నడిచిన మొదటి పని మొగల్‌పురాలో ఒక ఇంటర్నెట్ కేఫ్. గోడ పొడుగునా మెషిన్లు, అన్నింట్లో కౌంటర్ స్ట్రైక్ 1.6, అన్నీ ఒకే లాన్ మీద. పని అయ్యాక ఉస్తాద్ వచ్చి ఒక క్యాబినెట్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల వదులు స్క్రూ గలగలమనలేదు. "చల్తా" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు నేను ఎన్నడూ వినలేదు. ఆ ఊపి చూసే పరీక్ష ఈరోజుకీ మా దుకాణంలో ఉంది. నువ్వూ చెయ్యాలి.

ఇక రెడీమేడ్ సంగతి. దాన్ని తిట్టకు. ఎట్లా చదవాలో నేర్చుకో. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ కార్డు పేరు, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అని ఉంటాయి. నువ్వు చదవాల్సింది అక్కడ రాయనిది. ఎస్‌ఎంపీఎస్ ఎవరిది, ఎన్ని వాట్లు? మదర్‌బోర్డు మోడల్ ఏది? పదహారు జీబీ ర్యామ్ ఒకే కడ్డీయా, ఎనిమిదివి రెండా? ఒకే కడ్డీ అయితే సింగిల్ చానెల్‌లో నడుస్తుంది. ఆటలో ఫ్రేములు పడిపోతాయి, గిరాకీకి కారణం తెలియదు. అడిగితే చెప్పని అమ్మకందారు దగ్గర కొనొద్దని గిరాకీకి నేనే చెప్తాను.

ఒకాయన మంచి పేరున్న కంపెనీ డెస్క్‌టాప్ మోసుకొచ్చాడు. కొడుకు కొత్త గ్రాఫిక్స్ కార్డు అడుగుతున్నాడట. మూత తీశాను. ఎస్‌ఎంపీఎస్ మామూలు సైజుది కాదు. బోర్డుకు వెళ్లే ప్లగ్గు మనం వాడే ఇరవై నాలుగు పిన్నులది కాదు. కార్డుకు కరెంటిచ్చే వైరు అసలే లేదు. సప్లై మారుద్దామంటే బోర్డు ఒప్పుకోదు. బోర్డు మారుద్దామంటే క్యాబినెట్‌లో దాని స్క్రూ బొక్కలు వేరే. ఒక్క కార్డు కోసం ప్రాసెసర్, ర్యామ్ తప్ప అన్నీ మార్చాల్సిన లెక్క తేలింది. ఆ మెషిన్ చెడ్డది కాదు, ఆఫీసు పనికి పదేళ్లు నడుస్తుంది. మూత తీసే అవసరం రాదనుకుని చేసిన మెషిన్ అది, అంతే.

దానికి ఎదురుగా ఇది పెట్టుకో. 2018లో బీ450 బోర్డు మీద రైజెన్ 5 2600తో కట్టిన మెషిన్లు మా దగ్గర్నుంచి చాలా పోయాయి. వాటిలో కొన్ని మళ్లీ వచ్చాయి. బయోస్ అప్‌డేట్ చేసి, అదే బోర్డు మీద 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్ కూర్చోబెట్టి పంపాం. బోర్డు, క్యాబినెట్, సప్లై అన్నీ పాతవే. అసెంబుల్ లాభం కొన్న రోజు కనిపించదు, నాలుగేళ్ల తర్వాత కనిపిస్తుంది.

మరి ఏది చవక? దీనికి ఎప్పుడూ ఒకే జవాబు చెప్పేవాడు మార్కెట్ చూడనివాడు. మామూలు రోజుల్లో అదే డబ్బుకు అసెంబుల్‌లో మెరుగైన సరుకు వస్తుంది. 2020, 21లలో లెక్క తిరగబడింది. కరోనా, చిప్పుల కొరత, ఈథీరియం మైనింగ్ కలిసి గ్రాఫిక్స్ కార్డుల ధరలను ప్రకటించిన ధరకు రెట్టింపు దాకా తీసుకుపోయాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనం సీటీసీ అనేది, అంతా తిరిగినా కార్డు దొరకని రోజులుండేవి. అప్పుడు కార్డుతో సహా వచ్చే రెడీమేడ్ కొనమని నేనే పంపాను. 2022 సెప్టెంబరులో ఈథీరియం మైనింగ్ ఆగిపోయింది. రాత్రింబవళ్లు మైనింగ్‌లో కాలిన కార్డులు తుడిచి మెరిపించి సెకండ్‌హ్యాండ్‌లోకి వచ్చాయి. అట్లాంటిది చేతికొస్తే ఫ్యాను చేత్తో తిప్పి చూడు, థర్మల్ ప్యాడ్ నూనె కారిందేమో చూడు, గంటసేపు లోడు మీద నడపకుండా డబ్బులివ్వకు.

2025 చివర్లో మళ్లీ అదే ఆట, ఈసారి ర్యామ్‌తో. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోవడంతో ధరలు ఎగబాకాయి. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ బ్రాండ్‌ను మామూలు కొనుగోలుదారుల మార్కెట్ నుంచి తప్పిస్తున్నట్టు ప్రకటించింది. పాత రేటుకు తెచ్చిన ర్యామ్‌తో కట్టిన రెడీమేడ్ షోరూములో మిగిలి ఉంటే, విడిభాగాల లెక్క దానికి అందని సందర్భాలు వస్తాయి. అందుకే కొటేషన్ రాసే ముందు ఆ రోజు రెడీమేడ్ ధర కూడా చూడు. మనకంటే అది చవకైతే గిరాకీకి చెప్పు. ఆ బేరం పోతుంది, నిజమే. మనిషి తర్వాత కూడా మన దగ్గరికే వస్తాడు.

వారంటీ దగ్గర పిల్లలు ఎక్కువగా బోల్తా పడతారు. రెడీమేడ్‌కు మెషిన్ మొత్తానికి ఒకటే వారంటీ, ఒకటే ఫోన్ నంబరు. కొన్ని కంపెనీలు ఇంటికి మనిషిని పంపుతాయి. అసెంబుల్‌లో ఏ సామానుకు ఆ వారంటీ. ప్రాసెసర్‌కు మూడేళ్లు, మంచి సప్లైకి ఐదు నుంచి పదేళ్లు. కాలం ఎక్కువే, కానీ ఏది పాడైందో ముందు నువ్వు కనిపెట్టాలి. కనిపెట్టలేనివాడికి పదేళ్ల వారంటీ కూడా కాగితమే. బిల్లు లేకుండా ఇస్తే పద్దెనిమిది శాతం జీఎస్‌టీ మిగులుతుందని ఆశపెట్టేవాళ్లుంటారు. పెట్టె లేకుండా వచ్చే ట్రే ప్రాసెసర్ చవకగా ఇస్తామంటారు. ఆ మిగులు ఏదైనా పాడైన మొదటి రోజే తిరిగి పోతుంది. ఒరిజినల్ విండోస్ ధర కూడా లెక్కలో వేసుకో. రెడీమేడ్‌లో అది కలిసే వస్తుంది, మనవాళ్లు పోల్చేటప్పుడు దాన్ని మరిచిపోతారు.

అందుకే నా లెక్క ఇది. ఇంట్లో మూత తీసేవాళ్లు లేరు, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ లేడు, చదువుకో ఉద్యోగానికో మెషిన్ ఆగకూడదు, అట్లాంటివాళ్లకు రెడీమేడ్. మామూలు సైజు సప్లై, మామూలు బోర్డు ఉన్నదే చూసి తీసుకోమంటాను. స్క్రూడ్రైవర్ చూస్తే చెయ్యి దురద పెట్టేవాడికి అసెంబుల్, తన చేత్తోనే. మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువమంది. వాళ్లకు సామాను వాళ్లే ఎంచుకుని, మన బల్ల దగ్గర కూర్చుని కట్టించుకునే పద్ధతి. కళ్లముందు కడితే సగం భయం పోతుంది, రేపు ర్యామ్ తీసి పెట్టడం వాళ్లకే వస్తుంది. లక్ష రూపాయల మెషిన్‌లో ముప్పై ఐదు నుంచి నలభై వేలు గ్రాఫిక్స్ కార్డుకు పోనీ. సప్లైలో మాత్రం కోత పెట్టనివ్వకు. రంగు లైట్ల ఫ్యాన్లకు డబ్బు పెట్టి సప్లై దగ్గర బేరమాడేవాడు పెళ్లి ఊరేగింపుకు గుర్రాన్ని మాట్లాడి వంటవాణ్ణి మరిచినట్టే.

ఇక బల్ల మీద పనులు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర పీకావా లేదా అని రెండుసార్లు చూసుకో. రెండు ర్యామ్‌లైతే, స్లాట్లు నాలుగున్న బోర్డులో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది. పాత ఏఎమ్‌డీ ఏఎమ్4 సాకెట్ మెషిన్ కూలర్ తీసేటప్పుడు నేరుగా పైకి లాగకు. పేస్టు పట్టుకుని ప్రాసెసర్ కూడా సాకెట్ లోంచి ఊడి వస్తుంది, దాని మీది పిన్నులు వంగుతాయి. కాసేపు మెషిన్ నడిపి వేడెక్కనివ్వు, ఆపి ప్లగ్గు తీసెయ్యి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చెయ్యి. వంగిన పిన్నుకు లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొన మందు, అదీ ఉస్తాద్ చిట్కాయే. కొత్త ఏఎమ్5 సాకెట్ మెషిన్ మొదటిసారి ఆన్ చేస్తే డిస్‌ప్లే రావడానికి నిమిషాలు పట్టొచ్చు. మెమరీ ట్రైనింగ్ చేసుకుంటుంది. చచ్చిందనుకుని స్విచ్ ఆపేసిన కుర్రవాళ్లను చూశాను, మళ్లీ మొదటికొస్తుంది. పెద్ద కార్డులకు వచ్చే పన్నెండు వోల్టుల కొత్త ప్లగ్గును సందు కనపడకుండా లోపలికి నొక్కు. 2022లో ఎన్విడియా 4090 కార్డుల ప్లగ్గులు కరిగిన సంగతి ప్రపంచమంతా చూసింది.

సగం ఫిర్యాదులకు స్క్రూడ్రైవరే అవసరం లేదు. "లక్ష పెట్టినా గేమ్ నడుస్తలేదు భాయ్" అని వచ్చినవాడి మెషిన్ వెనక్కి చూడు. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు కాక బోర్డుకు పెట్టి ఉంటుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 మీదే వదిలేస్తారు. ఆరువేల స్పీడు డీడీఆర్5 ర్యామ్‌కు డబ్బిచ్చి, బయోస్‌లో ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చెయ్యక నాలుగువేల ఎనిమిది వందల మీదే వాడుతుంటారు. రెడీమేడ్‌కైనా అసెంబుల్‌కైనా ఇవి ఒకటే.

మన బస్తీ గురించి ఏ పెట్టె మీదా రాయరు, అది నువ్వే చెప్పాలి. మేలో బయట నలభై రెండు డిగ్రీలు, రేకుల గదిలో ఇంకా ఎక్కువ. ముందు అద్దం మూసేసిన క్యాబినెట్ కన్నా జాలీ ఉన్నది ఇప్పించు. జాలీ వెనక వలను నెలకోసారి దులపమను, ఈ రోడ్ల దుమ్ము అట్లాంటిది. పాత ఇళ్లలో మూడు బొక్కల సాకెట్ ఉంటుంది, మూడో బొక్క వెనక వైరు ఉండదు. ఎర్త్ లేకపోతే సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్ది కరెంటు క్యాబినెట్ మీదికి వచ్చి వేలికి జిల్లుమంటుంది. మెషిన్ పాడైందని మోసుకొస్తారు. ఇంటికి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించుకోమను. యూపీఎస్ కూడా అంతే. మార్కెట్లో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. ఆట మధ్యలో కరెంటు పోతే దానితోపాటు మెషినూ పోతుంది. గేమింగ్ మెషిన్‌కు 1000 వీఏకు తగ్గించకు.

సీటీసీ నుంచి కట్టిన మెషిన్‌ను ఆటోలో తెచ్చేవాళ్లకు ఒక మాట. బరువైన గ్రాఫిక్స్ కార్డును విప్పి దాని పెట్టెలోనే పెట్టి తీసుకురమ్మను. నయాపూల్ దాటి మదీనా, గుల్జార్ హౌజ్ గుంతల మీదుగా ఇక్కడికొచ్చేసరికి వేలాడే కార్డు స్లాటును చీల్చగలదు.

ఈ పనిలో మిగులు తగ్గింది, దాచేదేం లేదు. గిరాకీ ఫోన్‌లో ఆన్‌లైన్ రేటు చూపించి, దానికంటే వంద తక్కువకు ఇయ్యమంటాడు. సామాను మీద మనం ఇక బతకలేం. మనం అమ్మేది బల్ల మీద పరీక్ష. కట్టాక ర్యామ్ టెస్టు రాత్రంతా నడవాలి. పొద్దున ప్రాసెసర్, కార్డు రెండింటినీ ఒకేసారి లోడు మీద పెట్టి వేడి రాసుకోవాలి. రైజెన్ 7000 వరసలో చాలావాటికి తొంభై ఐదు డిగ్రీలు కంపెనీ పెట్టిన హద్దే అని గిరాకీకి ముందే చెప్పాలి, లేకపోతే ఇంటికెళ్లి బెంబేలెత్తుతాడు. బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టి, ఏ సామాను వారంటీ ఏ తేదీకి అయిపోతుందో కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. రంజాన్ నెలలో తరావీ నమాజు అయ్యాక గుంపుగా వచ్చి "అన్నా, ఇప్పుడే ఇచ్చెయ్, సహరీ దాకా ఆడుకుంటం" అంటారు. కుర్చీలేసి కూర్చోబెట్టు, చాయ్ తెప్పించు. టెస్టు పూర్తయ్యేదాకా మెషిన్ మాత్రం ఇవ్వకు.